ద్రాక్ష సోడాలో క్రీమ్ ఎందుకు విరిగింది: మారతహళ్ళి ఓణీల ఫంక్షన్ కేసు

ఫంక్షన్‌కి 11 రోజుల ముందు ఒక ఆదివారం పొద్దున్నే మా వంటింట్లో మొదటి ట్రయల్ వేశా. గ్లాసు నిండా ఐస్, అడుగున ముదురు ఊదారంగు ద్రాక్ష సిరప్, దాని మీద చల్లటి సోడా, పైన క్రీమ్. ఒక నిమిషం పాటు చూడ్డానికి ఎంత బావుందో, క్రీమ్ తెల్లగా తీగలు తీగలుగా కిందికి దిగుతుంటే మా పాప ఫోన్ తెచ్చి ఫోటో కూడా తీసుకుంది. మూడో నిమిషానికి గ్లాసు గోడకి తెల్లటి రవ్వ అంటుకోవడం మొదలైంది, ఐదో నిమిషానికి అచ్చం విరిగిన పాలే. రుచి పాడవలేదు, తాగితే ఏమీ కాదు, కానీ 60 మంది ముందు అలాంటి గ్లాసు పెట్టలేం కదా. ఆ రవ్వ ఎందుకొచ్చింది, ఎలా పోగొట్టాను అన్నదే ఈ కేసు. ఇంట్లో ఇటాలియన్ క్రీమ్ సోడా చేసుకునే చాలామందికి ఇదే తగులుతుంది కాబట్టి నేను చేసిన తప్పు దారులతో సహా మొత్తం రాస్తున్నా.

ముందు ఆర్డర్ సంగతి. నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటా, నాలుగేళ్ళుగా ఇంటి నుంచే మనవాళ్ళ ఫంక్షన్లకి డ్రింక్స్ చేసిస్తున్నా, పానకం, మసాలా మజ్జిగ, సుగంధి సోడా ఇలాంటివి. ఈసారి అడిగింది మా వీధి చివర అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక అక్క, వాళ్ళది గోదావరి జిల్లాల వైపు రామచంద్రపురం. వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్, ఫిబ్రవరిలో, వాళ్ళ క్లబ్‌హౌస్‌లోనే. అమ్మాయికి కేఫ్‌లో తాగిన ఇటాలియన్ క్రీమ్ సోడాయే కావాలంట. అక్క మాత్రం "ఏమ్మా, మా నాన్నగారు వస్తున్నారు ఊర్నించి, ఆయనకి సోడా అంటే ఆర్టోసే, ఆ ద్రాక్ష రుచి ఏదైనా తగిలేలా చేసిపెట్టు" అంది. రామచంద్రపురం వాళ్ళకి ఆర్టోస్ అంటే ఏంటో గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా, అది ఆ ఊళ్ళోనే తయారయ్యే ద్రాక్ష రుచి కూల్ డ్రింక్, అక్కడి పెళ్ళిళ్ళలో అది లేకపోతే లోటే. అలా ద్రాక్ష ఖాయమైంది, దానికి తోడు కమలా, వెనిలా.

ఇటాలియన్ అని పేరేగానీ ఈ సోడా పుట్టింది అమెరికాలో. ఇటలీలో లూక్కా అనే ఊరి నుంచి వెళ్ళిన రినాల్డో, ఎజిల్డా టొర్రె అనే భార్యాభర్తలు 1925లో శాన్ ఫ్రాన్సిస్కోలో సిరప్‌లు చేయడం మొదలుపెట్టారు, అదే ఇప్పటి టొరానీ కంపెనీ. సిరప్‌లో సోడా కలిపితే ఇటాలియన్ సోడా, పైన క్రీమ్ పోస్తే క్రీమ్ సోడా, అంతే. వాళ్ళ మొదటి ఐదు ఫ్లేవర్లలో నిమ్మ ఉంది, చింతపండు కూడా ఉంది. చింతపండు సోడా ఊహించుకుంటేనే నాకు నోరూరుతుంది, కానీ దాంట్లో క్రీమ్ పోస్తే ఏమవుతుందో ఇది చదివాక మీకే అర్థమవుతుంది.

అమెరికా వంటకాల్లో దీనికి హాఫ్ అండ్ హాఫ్ అని రాస్తారు, అంటే పాలకీ క్రీమ్‌కీ మధ్యలో ఉండేది, కొవ్వు 10.5 నుంచి 18 శాతం దాకా. మన దగ్గర అది దొరకదు. అందుకే మొదటి ట్రయల్‌లో 25 శాతం కొవ్వున్న అమూల్ ఫ్రెష్ క్రీమ్‌ని 6 శాతం ఉన్న ఫుల్ క్రీమ్ పాలతో సగం సగం కలిపా, లెక్క ప్రకారం పదిహేనున్నర శాతం వస్తుంది, లెక్క కరెక్టే, కానీ నా మొదటి తప్పు అక్కడే జరిగింది.

సిరప్ ఎలా చేశానంటే, బెంగళూరు బ్లూ ద్రాక్ష కేఆర్ మార్కెట్ నుంచి తెచ్చి, గింజలతో సహా ఉడికించి, నలిపి, వడకట్టి, ఆ రసంలో సమానంగా చక్కెర వేసి కాచా. ఈ ద్రాక్ష గురించి ఒక మాట చెప్పాలి. ఇది మన చుట్టుపక్కలే, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపూర్ వైపు పండుతుంది, ఇది ఈ ప్రాంతపు పంటే అని గుర్తింపునిచ్చే జీఐ ట్యాగ్ కూడా ఉంది. అసలు రకం ఇసబెల్లా అంటారు. తినడానికి గింజలెక్కువ, తొక్క మందం, పులుపు, అందుకే చాలామంది పక్కన పెట్టి గింజలేని పచ్చద్రాక్ష కొంటారు. కానీ వాసన! ఇంట్లో ఒక కిలో గిన్నెలో పెడితే గదంతా ద్రాక్షే. చిన్నప్పుడు తాగిన ద్రాక్ష సోడా గుర్తొచ్చే వాసన నా మటుకు నాకు ఈ పండులోనే దొరికింది, సిరప్‌కి ఇంతకంటే మంచి ద్రాక్ష మన మార్కెట్‌లో లేదని గట్టిగా నమ్ముతా.

సరే, విరగడం సంగతి. పాలల్లో కేసీన్ అనే ప్రోటీన్ ఉంటుంది, పాలు తెల్లగా కనపడటానికి అదీ ఒక కారణం. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పులుపు పెరిగి అది 4.6 దగ్గరికి వస్తే ఆ కేసీన్ కణాలు ఒకదాన్నొకటి తోసుకోవడం మానేసి అతుక్కుంటాయి, పెరుగు తోడుకునేదీ నిమ్మరసం వేస్తే పన్నీరు అయ్యేదీ ఇదే పద్ధతి. ద్రాక్షరసం పీహెచ్ 3 నుంచి మూడున్నర ఉంటుంది, నిమ్మరసం ఇంకా కింద, రెండు రెండున్నర. అంటే నేను సోడా అనుకుంటూ గ్లాసులో పన్నీరు చేసుకుంటున్నా అనమాట.

ఇక్కడ చాలామంది సోడాని తిట్టుకుంటారు, సోడా కూడా పులుపే కదా దానివల్లే విరిగింది అని. నిజమే, గ్యాస్ నీళ్ళల్లో కరిగితే కార్బానిక్ ఆసిడ్ అవుతుంది, పీహెచ్ నాలుగు అయిదు మధ్య చూపిస్తుంది. కానీ అది చాలా బలహీనమైన పులుపు, పైగా గ్యాస్ పోతున్నకొద్దీ అదీ పోతుంది. పీహెచ్ పేపర్ మనకి చెప్పేది పులుపు ఘాటు మాత్రమే, మొత్తం ఎంత పులుపు ఉందో చెప్పదు. దీన్ని తేల్చుకోవడానికి అదే సోడా, అదే క్రీమ్‌తో వెనిలా గ్లాసు ఒకటి పక్కన పెట్టా, ముప్పావుగంట అయినా చెక్కుచెదర్లేదు. కాబట్టి నేరం సోడాది కాదు, పండు రసానిది.

ఆ వారమంతా సాయంత్రాలు చిన్న టీ గ్లాసులు వరసగా పెట్టుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టి, ఒక్కోసారి ఒక్క మార్పు మాత్రమే చేస్తూ చూశా. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు, ఇది అనుభవం మీద చెప్తున్నా. మొదట పాలు తీసేసి ఒట్టి ఫ్రెష్ క్రీమ్ పోశా. పాలు కలిపిన గ్లాసు ఐదు నిమిషాల్లో విరిగితే ఇది పదకొండు నిమిషాలు ఆగింది. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, ఆ మేరకు ప్రోటీన్ తక్కువ, విరగడానికి సరుకే తక్కువన్నమాట. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే పాలతో పలచన చేయొద్దనే చెప్తా, క్రీమే పోయండి, తక్కువ పోయండి.

తర్వాత వంటసోడా. పులుపుని చంపాలంటే మనకి ముందు తట్టేది అదే కదా, సిరప్‌లో చిటికెడు వేశా. బుసబుసా పొంగింది, పొంగు తగ్గాక చూస్తే అంత చక్కటి ఊదా రంగు పోయి మురికి నీలం, బూడిద రంగు మధ్యలోకి వచ్చేసింది. ద్రాక్ష తొక్కలో ఉండే రంగు పులుపులో ఎర్రగా, పులుపు తగ్గేకొద్దీ నీలంగా మారుతుంది, నేరేడుపళ్ళు తిన్న చేతులు సబ్బుతో కడిగితే రంగు మారడం చూసే ఉంటారు. రుచి కూడా ఉప్పగా, సబ్బు తగిలినట్టు. ఆ సీసా మొత్తం పారబోశా.

మూడోది బేకరీవాళ్ళు వాడే విప్పింగ్ క్రీమ్, అదే పాలది కాకుండా వెజిటబుల్ ఫ్యాట్‌తో వచ్చేది. అది గట్టిగానే నిలబడింది, గ్లాసు చూడ్డానికి బావుంది. కానీ ఐస్ చల్లదనానికి ఆ కొవ్వు గట్టిపడి నాలుకకి మైనం పూత పూసినట్టు అంటుకుంటుంది, గుటక వేశాక కూడా పోదు. కేక్ మీద పర్లేదేమో, సోడాలో నాకు నచ్చలేదు, ఎవరైనా వేస్తే వద్దనే అంటా.

దారి దొరికింది అనుకోకుండా. బుధవారం రాత్రి ద్రాక్ష ఒలుస్తూ కూర్చున్నా. ఈ బెంగళూరు బ్లూకి ఒక గుణం ఉంది, పండుని రెండు వేళ్ళతో నొక్కితే గుజ్జు గోలీలా బయటికి జారిపోతుంది, తొక్క చేతిలో మిగిలిపోతుంది. ఒక గుజ్జు నోట్లో వేసుకున్నా, పుల్లగా ఉంది, వాసన పెద్దగా లేదు. తొక్క నమిలా, కొంచెం వగరు, కానీ నోరంతా ద్రాక్ష వాసన. రంగంతా తొక్కలో ఉంది, వాసన తొక్కలో ఉంది, పులుపు ఎక్కువగా గుజ్జులో ఉంది. మరి నేను గుజ్జు రసమంతా ఎందుకు పిండుతున్నా? నాకు కావలసింది పండు వాసన, పండు పులుపు కాదు.

అప్పటికప్పుడు ఒక కిలో పళ్ళు నొక్కి తొక్కలు వేరు చేశా, అరగంట పైనే పట్టింది. సమానం సమానం చక్కెర నీళ్ళు వేడి చేసి, చక్కెర కరిగాక మంట తగ్గించి, మరగకుండా, పొగలు వస్తుంటాయి చూడండి ఆ వేడిలో తొక్కలు వేసి మూత పెట్టి పావుగంట ఉంచా. మరిగిస్తే వాసన ఆవిరితో పాటు పోతుంది, వంటిల్లు ఘుమఘుమలాడుతోంది అంటే సిరప్‌లోంచి పోతోందనే అర్థం. మూతతోనే చల్లారనిచ్చి, పలచటి బట్టలో వడకట్టా. పిండొద్దు, దానంతట అదే కారాలి, పిండితే వగరు దిగుతుంది, నలుసులు వస్తాయి. నలుసులు ఉంటే ఇంకో నష్టం ఉంది, సోడా పోయగానే గ్యాస్ బుడగలు వాటి మీదే పుట్టి బుస్సున పొంగి పోతాయి, తాగేసరికి సోడా చప్పబడుతుంది.

గ్లాసు కలిపి పేపర్ ముంచితే 4.5, 5 రంగుల మధ్యలో ఎక్కడో చూపించింది, రసంతో చేసిన గ్లాసులో మూడున్నర ఉండేది. అంచు మీదే ఉంది కాబట్టి నాకు భయంగానే ఉంది. కానీ ఐస్ నిండా వేసిన గ్లాసు 40 నిమిషాలు నిలబడింది. అదే గ్లాసు ఐస్ లేకుండా పెడితే 20 నిమిషాలకి సన్నటి చుక్కలు కనపడ్డాయి. బాగా చల్లగా ఉన్నప్పుడు పులుపు తగిలినా కేసీన్ వెంటనే అతుక్కోదు, వేడెక్కితేనే అతుక్కుంటుంది. అంటే ఐస్ ఇక్కడ కేవలం చల్లదనానికి కాదు, గ్లాసుని కాపాడేదే అది. గ్యాస్‌కీ అదే కావాలి. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 1.7 లీటర్ల గ్యాస్ దాకా పట్టి ఉంచుతాయి, 25 డిగ్రీల్లో అందులో సగం కూడా నిలవదు. బెంగళూరు 900 మీటర్ల పైన ఎత్తులో ఉంది కాబట్టి గాలి ఒత్తిడి కూడా చెన్నై కంటే తక్కువ, తెరిచిన సోడా ఇక్కడ ఇంకాస్త తొందరగా చప్పబడుతుంది. అందుకని సోడా, సిరప్, క్రీమ్, చివరికి గ్లాసులు కూడా ఫ్రిజ్‌లోంచే రావాలని నా రూలు.

రంగు కూడా బాగా కుదిరింది. క్రీమ్ కలిశాక లేత లావెండర్ రంగు, అమ్మాయి ఓణీ రంగుకి దగ్గరగా ఉందని అక్క సంబరపడింది.

కమలాకి ఇదే సూత్రం పెట్టా. రసం ఒక్క చుక్క వాడలేదు. కమలా తొక్క పైన నారింజ పొర మాత్రం సన్నగా గీకి, లోపలి తెల్లది చేదు కాబట్టి అది రాకుండా, చక్కెరలో వేసి చేత్తో బాగా రుద్ది ఒక రాత్రి మూత పెట్టి ఉంచితే చక్కెర తడితడిగా నూనె నూనెగా అవుతుంది, పొద్దున దాంట్లో వేడినీళ్ళు పోసి కరిగించి వడకడితే సిరప్. పులుపు దాదాపు లేదు, వాసన మాత్రం పండు ఒలిచినట్టే. నిమ్మ క్రీమ్ సోడా కావాలన్నా ఇలాగే చేసుకోవచ్చు. వెనిలాకి ఏ బాధా లేదు, పాకంలో ఎసెన్స్, అంతే.

షాపు సిరప్‌లు వాడేవాళ్ళకి ఒక మాట. రోజ్ అయినా సుగంధి అయినా వెనకాల లేబుల్ చదవండి. 330 అని ఉంటే అది నిమ్మ ఉప్పు, 296 అంటే మాలిక్ ఆసిడ్, 334 అంటే టార్టారిక్. సుగంధి వేరులో పులుపు లేదు, కానీ సీసాలో నిమ్మ ఉప్పు వేసి ఉంటే క్రీమ్ విరుగుతుంది, మనం వేరుని తప్పు పడతాం.

లెక్కలు ఇలా వేసుకున్నా. గ్లాసుకి 30 ఎంఎల్ సిరప్, 120 సోడా, 20 క్రీమ్, మిగతా అంతా ఐస్. ఈ కొలతకి తీపి 100 ఎంఎల్‌కి 11 గ్రాముల దగ్గర పడుతుంది, మామూలు కూల్ డ్రింక్ తీపే. మనిషికి రెండు గ్లాసుల చొప్పున 120 గ్లాసులు అంటే సిరప్ 3.6 లీటర్లు, అందులో ద్రాక్ష లీటరున్నర, కమలా 1.2, వెనిలా 0.9. ద్రాక్ష సిరప్‌కి రెండున్నర కిలోల పళ్ళు పట్టాయి. 750 ఎంఎల్ సోడా బాటిల్‌కి ఆరు గ్లాసులు, 20 సరిపోతాయి, నేను 26 కొన్నా. క్రీమ్ 2.4 లీటర్లు కావాలి, మూడు లీటర్లు తీసుకున్నా. సామాను ఖర్చు గ్లాసుకి 15 రూపాయల చుట్టూ వచ్చింది, అందులో పెద్ద వాటా క్రీమ్‌దే. ట్రయల్స్‌కి ఇంట్లో సోడా మేకర్ వాడా, ఫంక్షన్‌కి బాటిళ్ళే నయం, అన్ని లీటర్లు మెషిన్ మీద కొడుతూ కూర్చుంటే టైమ్ చాలదు. మెషిన్ ఉన్నవాళ్ళు దాంట్లో నీళ్ళు మాత్రమే పోయండి, సిరప్ గానీ పాలు గానీ పోసి కొడితే పొంగి నాజిల్‌లోకి ఎక్కుతుంది.

ఫంక్షన్ రోజు గండం ఐస్ దగ్గర వచ్చింది. పదింటికి తెస్తానన్న ఐస్ మనిషి పదకొండున్నర అయినా రాలేదు, ఫోన్ ఎత్తలేదు, క్లబ్‌హౌస్‌లో ఫ్రిజ్ చిన్నది. అక్క నాతో ఏమీ అనకుండా అపార్ట్‌మెంట్ వాళ్ళ గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెట్టింది, పది నిమిషాల్లో తెలుగువాళ్ళు, కన్నడవాళ్ళు, తమిళవాళ్ళు అని లేదు, ఎవరింట్లో ఉన్న ఐస్ ట్రేలు వాళ్ళు పట్టుకొచ్చారు, ఒక పెద్దావిడ స్టీలు డబ్బాలో గడ్డకట్టిన నీళ్ళు డబ్బాతో సహా ఇచ్చేసింది. దాంతో మొదటి 30 గ్లాసులు నడిపాం, ఆలోపు అసలు ఐస్ వచ్చింది.

కలిపే వరస మాత్రం ఎంత తొందరున్నా మార్చలేదు. ఐస్ నిండా, సిరప్, గ్లాసు వంచి గోడ మీదుగా సోడా, ఒక్కసారి పొడుగు స్పూన్‌తో కింది నుంచి పైకి, ఆఖర్న స్పూన్ వెనక మీదుగా క్రీమ్. క్రీమ్ ముందు పోసి దాని మీద సోడా పోస్తే నురగ లేచి టేబుల్ అంతా అవుతుంది. సాయానికి వచ్చిన అబ్బాయికి ముందురోజే చూపించా, అయినా ముందే కలిపి ట్రేలో పెట్టేయడం ఒక్కటి మాన్పించలేకపోయా. అలా కిటికీ పక్కన ఎండ పడేచోట పెట్టిన ఒక ట్రేలో ఎనిమిది ద్రాక్ష గ్లాసులు ఐస్ కరిగి చుక్కలు వేశాయి, తీసి పారబోశా. ఆ ట్రే ఇవ్వనందుకు ఇప్పటికీ సంతోషమే. ఇకమీదట పుల్లటి పండు ఏదైనా సరే, మనిషి వచ్చి నిలబడ్డాకే క్రీమ్ పోసేది.

మొత్తం 112 గ్లాసులు వెళ్ళాయి. ద్రాక్ష అన్నిటికంటే ముందు అయిపోయింది, చివర్లో అడిగినవాళ్ళకి కమలా ఇచ్చా. వెనిలా మిగిలింది, ఈసారి దాన్ని సగానికి తగ్గిస్తా. తీసేసిన గుజ్జు గింజలు వడకట్టి జామ్ చేశా, పులుపు ఉంది కాబట్టి అది బాగా కుదిరింది.

తాతగారు రెండున్నర దాటాక వచ్చి కూర్చున్నారు. నేను గ్లాసు కలుపుతుంటే "క్రీమ్ వద్దమ్మా, ఒట్టి సోడాలో ఇవ్వు" అన్నారు. ఇచ్చా. మెల్లగా తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆయ్, మా ఊరి సోడా కాదు గానీ, ద్రాక్షపండు వాసన మాత్రం ఉందండి" అన్నారు, అంత చిన్నదాన్ని నన్ను అండి అని. రెండో గ్లాసు ఆయన అడక్కుండానే కలిపా, అది క్రీమ్‌తో తాగారు. ఊరెళ్ళేటప్పుడు అక్క అడిగితే ఆయన కోసం అర లీటరు సిరప్ విడిగా చేసి సీసాలో పోసిచ్చా, ఫ్రిజ్‌లో పెట్టమని, రెండు వారాల్లో అవగొట్టమని సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించా.